బేరం తెలిసినవాడా, ఫైలు తెలిసినవాడా?

రాజ్యం నడిపేవాడికి వ్యాపారానుభవం ఉంటే మంచిదా, ప్రభుత్వంలో పనిచేసిన అనుభవం ఉంటే మంచిదా అన్న ప్రశ్న ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన ఇళ్ళలో లేస్తూనే ఉంటుంది. 2016లో ఏనాడూ ప్రభుత్వ పదవి చేపట్టని డొనాల్డ్ ట్రంప్ అమెరికాలో గెలిచినప్పుడు లేచింది. 2024లో గుంటూరు నుంచి పెమ్మసాని చంద్రశేఖర్ లోక్‌సభకు గెలిచి కేంద్రంలో సహాయమంత్రి అయినప్పుడు మళ్ళీ లేచింది. ఆయన మా వృత్తివారే. ఉస్మానియాలో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, డాక్టరీ పరీక్షలకు కూర్చునేవారి కోసం ప్రశ్నలు తయారుచేసే కంపెనీ పెట్టి, నామినేషను నాటికి కుటుంబానికి 5,700 కోట్ల రూపాయల పైచిలుకు ఆస్తి చూపించారు. మా తరం డాక్టర్లలో చాలామందిమి ఆ ప్రశ్నలకు డబ్బు కట్టి రాత్రిళ్ళు చదివినవాళ్ళమే గనుక ఆ ఆస్తిలో మా చెమట కూడా కొంత ఉందని సరదాగా చెప్పుకుంటూ ఉంటాం.

అదే గుంటూరులో వైద్యం చదివిన మరొక డాక్టరు జయప్రకాశ్ నారాయణ్. ఆయన స్టెతస్కోపు వదిలి ఐ.ఏ.ఎస్.లో చేరారు. 1996లో ఆ ఉద్యోగానికీ రాజీనామా ఇచ్చి లోక్‌సత్తా పెట్టారు. 2009లో కూకట్‌పల్లి నుంచి శాసనసభకు వెళ్ళారు. ఒకరు మార్కెట్టు దారిన, మరొకరు కలెక్టరాఫీసు దారిన రాజకీయాల్లోకి వచ్చారు. ఎవరి దారి మేలు?

కువైట్‌లో ఈ ప్రశ్నకు జవాబు మనిషి ఉద్యోగాన్ని బట్టి మారడం మేము గమనించాం. కంపెనీల్లో పనిచేసే మిత్రులు వ్యాపారి వైపు. "మా ముదీర్ అయితే ఈ పని రెండు ఫోన్లలో తేల్చేస్తాడు, మీ మినిస్ట్రీలో అయితే ఆరు సంతకాలు" అంటారు. మినిస్ట్రీల్లో పనిచేసే మేము సహజంగా సంతకాల వైపు. ఎవరి కాళ్ళకింద నేలను వారు సమర్థించుకోవడమే గాని, మనం ఉంటున్న ఈ ఊరి చరిత్ర ఏం చెబుతోందో ఎవరమూ చూడటం లేదు. నిజానికి ఈ విషయం చదువుకోవడానికి కువైట్‌ని మించిన ఊరు లేదు. వర్తకులకూ పాలకులకూ మధ్య నూరేళ్ళకు పైగా బేరం నడిచిన ఊరు ఇది.

చమురు పడకముందు ఇక్కడి బతుకంతా ముత్యాల మీద, పడవ వ్యాపారం మీద. పడవలు వర్తకులవి, వాటిలో మునిగేవాళ్ళకు అప్పులిచ్చేదీ వర్తకులే. 1910 ప్రాంతంలో పాలకుడు షేక్ ముబారక్ దండయాత్రల ఖర్చులకని పన్నులు పెంచాడు. మనుషులు సైన్యానికి కావాలి గనుక ముత్యాల పడవలు కదలడానికి వీల్లేదన్నాడు. హిలాల్ అల్ ముతైరీ మొదలైన ముగ్గురు పెద్ద వర్తకులు ఎదురు మాట్లాడలేదు. తమ మనుషులతో సహా ఊరు విడిచి పోయారు. వాళ్ళు పోతే సుంకాలు పోతాయి, అప్పిచ్చేవాడు పోతాడు. మహా గట్టివాడని పేరుపడ్డ ముబారక్ చివరికి రాయబారాలు పంపి, పన్నులు తగ్గించి, వాళ్ళను బతిమాలి వెనక్కి రప్పించుకున్నాడు. వ్యాపారి చేతిలో ఉన్న అసలు ఆయుధం ఇదే: లేచి వెళ్ళిపోగలగడం. బేరంలో లేచి వెళ్ళిపోగలవాడిదే పైచేయి.

ఇదే సూత్రం పాలకుడికీ తెలుసునని 1934లో రుజువైంది. చమురు హక్కుల కోసం బ్రిటిషు కంపెనీ ఒకటి, అమెరికన్ కంపెనీ ఒకటి ఏళ్ళ తరబడి షేక్ అహ్మద్ చుట్టూ తిరిగాయి. ఆయన ఇద్దరినీ ఊరించాడు, తొందరపడలేదు. పాపం, చివరికి వాళ్ళిద్దరూ చెరిసగం వాటాతో ఒకే కంపెనీ అయి కూర్చున్నారు. అయినా 1934 డిసెంబరులో సంతకం పెట్టేనాటికి రొక్కం 4,75,000 రూపాయలు, నూనె పడితే టన్నుకు 3 రూపాయలు అని తేల్చుకున్నాడు. రూపాయలంటే మన రూపాయలే. 1961లో దినారు వచ్చేదాకా ఇక్కడ చెలామణీ రూపాయిదే. బేరంగా చూస్తే అప్పటికి అది మంచి బేరమే. కాని ఒప్పందం 75 ఏళ్ళకు. అంత దీర్ఘకాలపు కాగితాన్ని మార్చుకోవడానికి తరవాతివాళ్ళు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. 1951లో లాభంలో సగం వచ్చింది. కంపెనీ పూర్తిగా ప్రభుత్వం చేతికి రావడానికి 1975 దాకా ఆగాల్సి వచ్చింది. బేరమాడినవాడు ఒకడు, దాన్ని మోసినవాళ్ళు రెండు తరాలవాళ్ళు.

1938లో వర్తకులే ప్రభుత్వం నడిపి చూశారు. పధ్నాలుగురు సభ్యుల మండలి. అధ్యక్షుడు మాత్రం పాలక కుటుంబంలోని అబ్దుల్లా అల్ సాలెం. జూలైలో మొదలై డిసెంబరుకు ముగిసింది. కస్టమ్స్‌లో లంచగొండితనం అరికట్టడం, పన్నులు సవరించడం, బళ్ళు పెట్టడం వంటి పనులు ఆ కొద్ది నెలల్లోనే చేపట్టారు. చమురు కంపెనీ ఇచ్చే చెక్కు పాలకుడికి కాదు, మండలికి రావాలని అడిగేసరికి మండలి రద్దయింది. చిత్రమేమిటంటే, ఆ అధ్యక్షుడే 1950లో పాలకుడై 1962లో ఈ దేశానికి రాజ్యాంగం ఇచ్చాడు. ఆరు నెలల అనుభవం ఊరికే పోలేదు.

ఆ రాజ్యాంగంలో 131వ అధికరణం అని ఒకటి ఉంది. మంత్రిగా ఉన్నంతకాలం ఎవరూ పరోక్షంగానైనా వ్యాపారం చేయరాదు, ప్రభుత్వం చేసే కాంట్రాక్టుల్లో పాలు పంచుకోరాదు అని దాని సారాంశం. వర్తకుల ఊళ్ళో ఈ నిబంధన రాసుకున్నారంటే ఆలోచించాల్సిన విషయమే. 1964 చివర్లో ఏర్పడ్డ మంత్రివర్గంలో పెద్ద వర్తకులు ఉన్నారని, అది 131కి విరుద్ధమని సభ్యులు కొందరు సభలో కోరం లేకుండా చేశారు. మంత్రివర్గం మారక తప్పలేదు. సభకు తొలి అధ్యక్షుడైన అబ్దుల్ అజీజ్ అల్ సకర్ తానూ రాజీనామా చేశారు. ఆయన వర్తక సంఘానికి పెద్ద. మనిషి మీద ఎవరికీ అగౌరవం లేదు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. బల్లకు రెండు వైపులా ఒకే మనిషి కూర్చుంటే బేరం ఎవరి తరఫున జరుగుతున్నట్టు?

థాయ్‌లాండ్‌లో ఈ చిక్కే ఒక ప్రధానమంత్రిని పడగొట్టింది. టెలిఫోన్ల వ్యాపారంలో కోట్లు గడించిన తక్సిన్ షినవత్రా 2001లో ప్రధాని అయ్యాడు. ఎవరికి ఏ జబ్బు చేసినా 30 బాట్‌లకు వైద్యం అన్నాడు. అంతా నవ్వారు, కాని ఏడాది తిరిగేలోగా దేశమంతా అమలుచేశాడు. ఆ తెగువ వ్యాపారిది. అయితే ఆ పథకం కాగితాలు ఆయన రాసినవి కావు. ఆరోగ్యశాఖలో ఏళ్ళ తరబడి పల్లెటూరి ఆస్పత్రుల లెక్కలు వేసుకుంటూ కూర్చున్న సంగువాన్ అనే ప్రభుత్వ డాక్టరువి. అదే తక్సిన్ కుటుంబం 2006లో తమ కంపెనీని పన్ను కట్టకుండా సింగపూరుకు అమ్ముకుంది. వీధుల్లోకి జనం వచ్చారు. ఆ సంవత్సరమే సైన్యం గద్దె దింపింది. 30 బాట్‌ల వైద్యం మాత్రం ఆయనతో పోలేదు. దానికి అప్పటికే చట్టం ఉంది, ఆఫీసు ఉంది, లెక్కలు రాసే గుమస్తాలు ఉన్నారు.

మళ్ళీ కువైట్‌కి వద్దాం. సూక్ అల్ మనాఖ్ పేరు మన పెద్దలు వినే ఉంటారు. ఒంటెలు మోకరిల్లే చోటని ఆ మాటకు అర్థమట. 1980 తరవాత అక్కడ షేర్ల వ్యాపారం చెలరేగింది. డబ్బు ఇవ్వక్కర్లేదు, ముందు తారీఖు వేసిన చెక్కు రాసిస్తే చాలు. మాట మీద, వంశం పేరు మీద నడిచిన వ్యాపారం. 1982 ఆగస్టులో ఒకరు చెక్కు బ్యాంకులో వేసేసరికి పేకమేడ కూలింది. లెక్క తీస్తే సుమారు 29,000 చెక్కులు, వాటి మీద రాసిన మొత్తం దాదాపు 9,400 కోట్ల డాలర్లు! ఈ దేశపు ఆదాయానికి ఎన్నో రెట్లు. అప్పుడు ఆర్థికమంత్రి అబ్దుల్ లతీఫ్ అల్ హమద్. కువైట్ ఫండ్‌ను దాదాపు రెండు దశాబ్దాలు నడిపి, పేద దేశాలకు అప్పులిచ్చి, పైసాపైసాకు లెక్క చెప్పిన మనిషి. జూదమాడినవాళ్ళు నష్టం భరించాలని, ఖజానా భరించరాదని ఆయన పట్టు. పెద్ద కుటుంబాలన్నీ ఇరుక్కున్న చోట ఆ మాట చెల్లలేదు. 1983లో రాజీనామా చేశారు. ప్రభుత్వం కోట్లకు కోట్లు పోసి సర్దింది. ఫైలు తెలిసిన మనిషి చెప్పింది నిజమే, కాని నలుగురినీ కూర్చోబెట్టి తలా ఇంత వదులుకునేటట్టు ఒప్పించే విద్య ఆయన దగ్గర లేదనే మాకు తోస్తుంది. అది బేరగాడి విద్య. ఇక్కడ అది లోపించింది.

రెండోది లోపించిన కథ 2008ది. డౌ కెమికల్ అనే అమెరికన్ కంపెనీతో కలిసి 1,740 కోట్ల డాలర్ల ఉమ్మడి సంస్థ పెట్టడానికి ఇక్కడి ప్రభుత్వ కంపెనీ డిసెంబరులో ఒప్పుకుంది. ప్రపంచమంతా ధరలు కూలుతున్న రోజులు. పార్లమెంటులో గొడవ లేచింది, ప్రధానిని నిలదీస్తామన్నారు. నెల తిరక్కుండా, డిసెంబరు 28న, ప్రభుత్వం ఒప్పందం రద్దు చేసింది. ఖరీదెక్కువని అన్నవాళ్ళ మాట నిజమే కావచ్చు. కాని ఒప్పందంలో జరిమానా షరతు ఒకటి ఉంది. మధ్యవర్తుల తీర్పు 2012లో వచ్చింది. 2013లో కువైట్ 220 కోట్ల డాలర్లు చెల్లించింది. చేతికి ఒక్క గొట్టం కూడా రాకుండా. చమురు మంత్రి పదవి పోయింది. మా ఆస్పత్రిలో ఆపరేషనుకు ముందు రోగి చేత సంతకం పెట్టించే కాగితం ఉంటుంది. దానిలో ఏముందో రోగికి చదివి చెప్పడం మా విధి. ఆ 220 కోట్ల కాగితాన్ని దేశానికి ఎవరైనా ముందుగా చదివి చెప్పారా? సభలో చర్చించి పెట్టాల్సిన సంతకం ముందు పెట్టి, తరవాత చర్చించారు. ఆ పార్లమెంటును 2024 మేలో అమీరు రద్దు చేసి కొన్ని అధికరణాలను నాలుగేళ్ళకు మించకుండా నిలిపివేశారు. అది వేరే కథ, దాన్ని ఇక్కడ ముట్టుకోం.

ఇప్పటిదాకా చెప్పింది ఈ దేశపువారి సంగతి. మన సంగతి 1990. ఈ పత్రిక చదివేవారిలో ఆ నెలలు అనుభవించిన పెద్దలు కొందరు ఇంకా ఉన్నారు. మేము అప్పటికి పలక పట్టలేదు, వాళ్ళు చెప్పగా విన్నవాళ్ళమే.

2016లో 'ఎయిర్‌లిఫ్ట్' అనే హిందీ సినిమా వచ్చినప్పుడు మన కుటుంబాలన్నీ చూశాయి. దానిలో ఒక వ్యాపారి కథానాయకుడు. లక్షా డెబ్బై వేలమంది భారతీయులను తన డబ్బుతో, తన పలుకుబడితో, తన బేరాలతో ఇల్లు చేర్చాడు. ప్రభుత్వం అంటే ఢిల్లీలో దుమ్ముపట్టిన ఫైళ్ళు, ఉలకని పలకని గుమాస్తాలు. బయటికి వచ్చాక మన పిల్లలు "గవర్నమెంటు ఏమీ చెయ్యలేదా నాన్నా?" అని అడిగారు. ఆ సినిమాపై విదేశాంగశాఖ వారు, ఆనాటి దౌత్యవేత్తలు అభ్యంతరం చెప్పారు. మా ఉద్దేశంలో ఆ అభ్యంతరం సబబే, అయితే సగమే సబబు.

ఆగస్టు 2న ఇరాకీ సైన్యం వచ్చింది. బ్యాంకులు మూతపడ్డాయి, దినారు చిత్తు కాగితమైంది. ఇళ్ళలో నౌకర్లుగా ఉన్నవాళ్ళ పాస్‌పోర్టులు యజమానుల దగ్గర ఉండిపోయాయి, యజమానులు సౌదీకి పోయారు. ఇక్కడి భారతీయ వ్యాపారులు, కంపెనీ మేనేజర్లు కమిటీగా ఏర్పడ్డారు. టయోటా కార్ల ఏజెన్సీలో పెద్దగా ఉన్న మలయాళీ మాథున్ని మాథ్యూస్, పంజాబీ హర్‌భజన్ సింగ్ వేదీ వారిలో ముఖ్యులు. బియ్యం ఎక్కడున్నాయో, డ్రైవర్లు ఎవరో, ఏ బస్సుకు ఏ ఇరాకీ అధికారితో మాట్లాడాలో వాళ్ళకు తెలుసు. బస్సులు కుదిర్చి, బస్రా, బాగ్దాదుల మీదుగా జోర్డాను సరిహద్దు దాకా జనాన్ని పంపించారు. ఆ మొదటి రోజుల్లో ఢిల్లీ వల్ల కాని పని అది. అర్ధరాత్రి ఎదుటివాడి మొహం చూసి, వాడికి ఏం కావాలో కనిపెట్టి, అక్కడికక్కడే మాట ఇవ్వడం. దీనికి ఏ ఆఫీసులోనూ శిక్షణ లేదు. సూక్‌లో ముప్పై ఏళ్ళు కూర్చుంటేనే వస్తుంది.

అయితే సరిహద్దు దాటిన తరవాత? ఎడారిలో డేరాల్లో పడివున్న లక్షమందికి విమానం ఎవరు పంపాలి? ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 వరకు, 59 రోజుల్లో, 488 విమానాలు అమ్మాను నుంచి బొంబాయికి తిరిగాయి. టిక్కెట్టు అడగలేదు. ఇది ఏ వ్యాపారి తరమూ కాదు. విదేశాంగమంత్రి గుజ్రాల్ బాగ్దాదు వెళ్ళి సద్దాం హుసేన్‌ని కలిశారు. సద్దాం ఆయన్ని కౌగిలించుకున్న ఫొటో ప్రపంచమంతా అచ్చయింది, ఆయన చాలా మాటలు పడ్డారు. ఆ కౌగిలింత వల్లనే మన బస్సులకు దారి దొరికిందని ఇక్కడి పెద్దలు ఈనాటికీ అంటారు. కొత్తవాళ్ళకు అంతగా తెలియనిది ఇంకొకటుంది. ఐక్యరాజ్యసమితి ఆంక్షల వల్ల కువైట్‌కు తిండిగింజలు తేవడం కూడా నేరమైంది. ఇక్కడ మిగిలినవారికి అన్నం లేదు. మన దౌత్యవేత్తలు న్యూయార్కులో ఆంక్షల సంఘం ముందు వాదించి, ప్రత్యేకమైన అనుమతి సంపాదించి, 'విశ్వసిద్ధి' అనే ఓడలో ఆహారం పంపించారు. ఆ అనుమతికి వెల లేదు. ఎంత పెద్ద షావుకారైనా దాన్ని కొనుక్కు రాలేడు. ఓపికగా డ్రాఫ్టులు రాసి, తిప్పికొడితే మళ్ళీ రాసి, కామా దగ్గర కూడా పోట్లాడేవాళ్ళే తేగలరు.

కనుక ఆ లక్షా డెబ్బై వేలమందినీ బేరమూ ఫైలూ కలిసే ఇల్లు చేర్చాయి. బేరం సరిహద్దు దాకా తెచ్చింది, ఫైలు సరిహద్దు దాటించింది. సినిమాకు ఒక్క కథానాయకుడు కావాలి గాబట్టి రెండో మనిషిని తీసేశారు.

వ్యాపారికీ ప్రభుత్వానికీ మూలంలోనే ఒక తేడా ఉంది. అది మాకు మా వృత్తిలో రోజూ కనిపిస్తుంది. ప్రైవేటు క్లినిక్కు నడిపే డాక్టరు "మీరు వేరే చోట చూపించుకోండి" అనగలడు. సర్కారు ఆస్పత్రి క్యాజువాల్టీలో కూర్చున్నవాడు అనలేడు. తాగి పడ్డవాడొచ్చినా, తిట్టేవాడొచ్చినా, డబ్బులేనివాడొచ్చినా చూడాల్సిందే. ముబారక్ కాలంలో వర్తకులకున్న ఆయుధం, లేచి వెళ్ళిపోవడం, ప్రభుత్వానికి లేదు. వ్యాపారంలో రాటుదేలిన మనిషి కుర్చీ ఎక్కాక మొట్టమొదట తడుముకునేది ఆ ఆయుధం కోసమే, అది చేతికి తగలకపోయేసరికి అతనికి కోపం వస్తుంది. సర్వీసులో పండినవాడి జబ్బు వేరు. అతను లేచి వెళ్ళడు సరికదా, అసలు కదలడు.

మన రాష్ట్రంలో ఈ రెండు జబ్బులకూ ఉదాహరణ అమరావతి. గల్ఫ్‌లో సంపాదించి ఆ చుట్టుపక్కల స్థలాలు కొన్న కుటుంబాలు మనలో ఉన్నాయి గనుక ఇది వినోదానికి చెప్పుకునే మాట కాదు. 2015లో 29 గ్రామాల రైతులు దాదాపు 33,000 ఎకరాలు ఇచ్చారు. భూసేకరణ చట్టం కింద బలవంతంగా తీసుకుంటే ఏళ్ళు పట్టేది. ఇది బేరం. జరీబు ఎకరం ఇస్తే 1,000 గజాల ఇంటి స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, పదేళ్ళపాటు ఏటా 50,000 రూపాయల కౌలు, దానిపై ఏటా పది శాతం పెంపు. అంత భూమి అంత తక్కువ కాలంలో అలా రావడం అరుదు. దాన్ని కుదిర్చిన ముఖ్యమంత్రిని ముందటి దఫాల్లో పత్రికలు సి.ఇ.ఓ. అని పిలిచాయి. ఆయనకు హెరిటేజ్ పాల వ్యాపారం ఉన్న మాట నిజమే, కాని చంద్రబాబు నాయుడు 1978లో ఇరవై ఎనిమిదేళ్ళకే శాసనసభకు వెళ్ళి, 1980లో మంత్రి అయిన మనిషి. జీవితమంతా ప్రభుత్వంలో గడిపినవాడికి కంపెనీ బిరుదు తగిలించి మురిసిపోవడం మన వింత. హైటెక్ సిటీ చూపించి 2004లో ఓట్లడిగితే 294 స్థానాల్లో 47 వచ్చాయి. కంపెనీలో వాటాదార్లు లాభం చూస్తారు, వానలు లేని పల్లెలో ఓటరు బావి చూసుకుంటాడు.

2019 మేలో ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి సిమెంటు, పత్రిక వంటి వ్యాపారాల్లోంచి వచ్చినవాడు. పాత యజమాని చేసిన ఒప్పందం కొత్త యజమానికి నచ్చకపోతే ఏం చేస్తాడో అదే చేశారు. ప్రపంచబ్యాంకు ఆ జూలైలోనే తప్పుకుంది. నవంబరులో సింగపూరు కంపెనీలతో ఒప్పందం రద్దయింది. డిసెంబరులో మూడు రాజధానులన్నారు. పొలాలు ఇచ్చేసిన రైతులు, ముఖ్యంగా ఆడవాళ్ళు, నాలుగేళ్ళకు పైగా శిబిరాల్లో కూర్చున్నారు.

ఇందులో మాకు నచ్చిన ఘట్టం ఒకటుంది. రైతులు కోర్టుకు వెళ్ళినప్పుడు వాళ్ళ చేతిలో ఎవరి మాటా లేదు, ఎవరి ఫొటో లేదు. 2014 నాటి సి.ఆర్.డి.ఏ. చట్టం ఉంది, ఒక్కొక్క రైతుతో ప్రభుత్వం రాయించుకున్న 9.14 ఫారం ఉంది. ఏ తహసీల్దారు ఆఫీసులోనో విసుక్కుంటూ టైపు చేసిన కాగితం. 2022 మార్చి 3న హైకోర్టు ఆ చట్టాన్నీ ఆ ఒప్పందాలనూ పట్టుకునే, ప్రభుత్వం మాట నిలబెట్టుకోవాలని, ప్లాట్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు గడువుల మీద స్టే ఇచ్చినా కాగితం బతికే ఉంది. 2024లో ప్రభుత్వం మళ్ళీ మారి, ప్రపంచబ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరి దాదాపు 80 కోట్ల డాలర్లు అప్పు మంజూరు చేసి, 2025 మేలో ప్రధాని చేత పనులు తిరిగి ప్రారంభం చేయించారు. అప్పుడూ ఇప్పుడూ పురపాలక మంత్రి పొంగూరు నారాయణ. పాఠాల ట్యూషన్‌తో మొదలుపెట్టి దేశమంతా కాలేజీలు పెట్టిన వ్యాపారి. పని తొందర ఆయనకు బాగా తెలుసు. ఆ తొందరకు ఈసారి ఎవరూ తుడపలేని కాగితం తోడుంటే మన మిత్రుల స్థలాలకు గట్టు దొరుకుతుంది.

మా వృత్తికి దగ్గరిది ఇంకొకటి చెప్పి ముగిస్తాం. 108 అంబులెన్సులు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు మొదలుపెట్టించారు. ఫోను చేస్తే బండి రావడం, లోపల శిక్షణ పొందిన మనిషి ఉండటం మన దేశంలో అంత పెద్ద ఎత్తున అంతకుముందు లేదు. కంప్యూటరు కంపెనీ నడిపినవాడి బుర్రకే ఆ ఆలోచన వచ్చింది, ఆరోగ్యశాఖ బుర్రకు రాలేదు. ఒప్పుకోవాలి. 2009 జనవరి 7న ఆయనే తన కంపెనీ లెక్కలు దొంగలెక్కలని రాసిచ్చి జైలుకు వెళ్ళారు. ఆ మర్నాడు 108 ఆగిపోయిందా? ఆగలేదు. అప్పటికే నిర్వహణ ఖర్చులో సింహభాగం ప్రభుత్వం ఇస్తోంది. జి.వి.కె. వారు వచ్చి నడిపారు. ఆ వారం కూడా కాన్పు నొప్పులు పడుతున్న ఆడమనిషి ఇంటిముందు బండి ఆగింది. పెట్టినవాడు జైలుకు పోయినా పనిచేసే ఏర్పాటును ఏ దృష్టితో చూడాలో, ఎవరి ఖాతాలో వెయ్యాలో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

ఇవన్నీ పెద్దవాళ్ళ సంగతులు అనుకునేవారికి ఒక మాట. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగఫ్‌లో కార్మికుల వసతిగృహం కింది అంతస్తులో మంట లేచింది. నిద్రలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది పొగకే పోయారు. మృతుల్లో అత్యధికులు మనదేశం వాళ్ళు, ముగ్గురు ఆంధ్రులు. ఒక గదికి ఎంతమంది, మెట్లదారికి తాళం ఉందా, గ్యాసు సిలిండర్లు ఎక్కడ అన్నవి చవకగా అద్దె కుదిర్చే మనిషి అడిగే ప్రశ్నలు కావు. చేతిలో కాగితాల అట్ట పట్టుకుని మెట్లెక్కే ఇన్‌స్పెక్టరు అడిగేవి. అటువంటి ఇన్‌స్పెక్టరును మనమంతా రోజూ విసుక్కుంటూనే ఉంటాం.

మన సంఘం కార్యవర్గం ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. హాలు సగం అద్దెకు కుదర్చగలవాళ్ళూ, ఉగాదికి స్పాన్సర్లను తేగలవాళ్ళూ పోటీలో ఉన్నారు, చాలా సంతోషం. వారెవరు గెలిచినా కార్యదర్శికి అప్పగించాల్సిన పుస్తకం ఒకటి ఉంది. సభ్య కుటుంబాల పేర్లు, పాస్‌పోర్టు నెంబర్లు, సివిల్ ఐడీలు, రక్తం గ్రూపులు, ఇంటికాడ కబురు చేయాల్సినవారి ఫోన్లు. 1990లో మొదట చేయాల్సి వచ్చిన పని ఈ జాబితాలు రాయడమేనని ఆనాటివాళ్ళు చెబుతారు. 2020లో కరోనా వేళ విమానానికి పేర్లు ఇమ్మన్నప్పుడూ ఇవే కావలసి వచ్చాయి. ఆ పుస్తకంలో ప్రస్తుతం సగం గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఈ నెలాఖరులోగా మీ కుటుంబం వివరాలు కార్యదర్శికి రాసి పంపవలసిందిగా కోరుతున్నాం. ఇంట్లో పనికి వచ్చే మనిషి వివరాలు కూడా.